డిమెన్షియా అనుమానిత వృద్ధులకు సంక్షిప్త ప్రజ్ఞా పరీక్షలు: నెల్లూరు తీరప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

డిమెన్షియా అనుమానంతో వచ్చే వృద్ధులకు పూర్తి ప్రజ్ఞా పరీక్ష నిర్వహించడం చాలా సందర్భాలలో సాధ్యపడదు. అందువల్ల కొద్దిపాటి ఉపపరీక్షలతో ముగిసే సంక్షిప్త రూపాలు వాడుకలోకి వచ్చాయి. బడి చదువు అందని తరం ఇంకా జీవించి ఉన్న నెల్లూరు తీరంలో ఈ రూపాలు ఇచ్చే అంకెను ఎలా చదవాలో, ఏ ప్రశ్నకు ఆ అంకె సమాధానం కాలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరీక్షను కుదించడం వల్ల కలిగే నష్టం కంటే, వృద్ధుల పూర్వస్థాయి తెలియకపోవడం వల్ల కలిగే నష్టమే ఇక్కడ పెద్దదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: డిమెన్షియా, ప్రజ్ఞా పరీక్షలు, సంక్షిప్త రూపాలు, పూర్వస్థాయి, నిరక్షరాస్యత, నెల్లూరు తీరం.

1. ప్రవేశిక:

డిమెన్షియా నిర్ధారణకు మూలమైన షరతు క్షీణత. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 ప్రకారం, వ్యక్తి మానసిక సామర్థ్యంలో పూర్వస్థాయి నుంచి గణనీయమైన తగ్గుదల కనిపించాలి. ఆ తగ్గుదల దైనందిన జీవితంలోని స్వతంత్రతకు అడ్డు కావాలి. అంటే వైద్యునికి రెండు కొలతలు అవసరం. ఇప్పటిది ఒకటి, మునుపటిది మరొకటి. పరీక్ష గదిలో దొరికేది మొదటిది మాత్రమే.

మైపాడు తీరం నుంచి 72 ఏళ్ళ వృద్ధురాలిని కొడుకు నెల్లూరుకు తీసుకువచ్చాడనుకుందాం. ఆమె బడికి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళ పాటు చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగి అమ్మిన మనిషి. ఈ మధ్య చెప్పిన మాటే చెబుతోందనీ, చిల్లర లెక్క తప్పుతోందనీ కొడుకు అంటాడు. పావుగంట పరీక్షలో ఆమెకు 30కి 17 వచ్చాయి. ఆ 17 ఒకప్పటి 24 నుంచి తగ్గి 17 అయిందా, లేక నలభై ఏళ్ళ వయస్సులో అడిగినా ఆమెకు 17 దగ్గరే వచ్చేవా? ఈ ప్రశ్నకు ఆ కాగితంలో సమాధానం లేదు. ‘ఉంది’ అని తొందరపడితే ఆరోగ్యవంతురాలికి మాన్పరాని జబ్బు పేరు అంటగట్టినట్టు అవుతుంది. ‘చదువు లేదు కాబట్టి ఇంతే’ అని వదిలేస్తే, బి-12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, కుంగుబాటు, తలకు దెబ్బ తగిలి లోపల గడ్డకట్టిన రక్తం వంటి చికిత్సకు లొంగే కారణాలు కూడా చేయి జారిపోతాయి.

చర్చలోకి వెళ్ళేముందు ఒక విభజన అవసరం. వాడుకలో ‘చిన్న పరీక్ష’ అన్న ఒకే మాట కింద రెండు వేర్వేరు జాతుల సాధనాలు కలిసిపోతున్నాయి. మొదటి జాతి, మతిస్థితిని త్వరగా పరిశీలించే ప్రశ్నావళులు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ రూపొందించిన ఎం.ఎం.ఎస్.ఇ., 2005లో నస్రెద్దీన్ బృందం ప్రచురించిన మోకా ఇందులోవి. రెండవ జాతి, పెద్ద ప్రజ్ఞా పరీక్షల నుంచి కొన్ని ఉపపరీక్షలను ఏరి తీసిన సంక్షిప్త రూపాలు. మొదటివి ‘ఏదైనా తేడా ఉందా’ అని అడుగుతాయి. రెండవవి ‘ఈ వ్యక్తి ప్రజ్ఞాలబ్ధి సుమారుగా ఎంత’ అని అడుగుతాయి. ఒకదాని ఫలితాన్ని మరొకదాని సమాధానంగా చదవడం నివేదికలలో తరచుగా కనిపించే పొరపాటు.

2. కుదింపు, దాని గణితం:

డేవిడ్ వెక్స్‌లర్ 1939లో వెక్స్‌లర్-బెల్లెవ్యూ పరీక్షను, 1955లో దాని తరువాతి రూపమైన వెయిస్‌ను వెలువరించాడు. పూర్తి పరీక్షకు గంటకు పైగా పడుతుంది. అలసిపోయిన వృద్ధుని విషయంలో ఆ సమయం ఇంకా పెరుగుతుంది. కుదించే ప్రయత్నాలు అప్పుడే మొదలయ్యాయి. 1962లో సాట్జ్, మోగెల్ ఉపపరీక్షలన్నిటినీ ఉంచి ప్రశ్నలను తగ్గించారు. 1982లో సిల్వర్‌స్టీన్ రెండు, నాలుగు ఉపపరీక్షల రూపాలను, 1990లో వార్డ్ ఏడు ఉపపరీక్షల రూపాన్ని ప్రతిపాదించారు. 1999లో వచ్చిన వాసి మరొక పెద్ద పరీక్షకు ముక్క కాదు. సంక్షిప్తంగానే పుట్టిన పరీక్ష. పదజాలం, ఘనాల అమరిక, సామ్యాలు, చిత్రమాతృకలు అనే నాలుగు ఉపపరీక్షలకు అరగంట, వాటిలో రెండింటికి పావుగంట సరిపోతుంది.

భారతదేశంలో సి.ఎం. భాటియా 1955లో ప్రచురించిన నిష్పాదన పరీక్షమాలలో ఐదు ఉపపరీక్షలున్నాయి. అక్షరాస్యులకూ నిరక్షరాస్యులకూ వేర్వేరు ప్రమాణాలు ఏర్పరచడం ఆయన దూరదృష్టి. ఇందులోని ఘనాల అమరిక, పాస్-ఎలాంగ్ అనే మొదటి రెండింటినే సంక్షిప్త రూపంగా వాడే అలవాటు మన చికిత్సాలయాలలో ఉంది. అయితే భాటియా ఆ ప్రమాణాలను 11 నుంచి 16 ఏళ్ళ బాలురపై నిర్ణయించాడు. డెబ్బై ఏళ్ళ జాలరి చేతికి ఆ రంగు ఘనాలను ఇచ్చి, వచ్చిన అంకెను ఆ పట్టికలో వెతకడం ఏ కొలతో ఊహించడం కష్టం. ‘మన దేశపు పరీక్షే కదా’ అన్న భరోసా ఇక్కడ పనిచేయదు.

కుదింపు వల్ల విశ్వసనీయత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం చెబుతుంది. విశ్వసనీయత 0.90 ఉన్న పరీక్షను సగానికి కుదిస్తే అది సుమారు 0.82 అవుతుంది. చూడడానికి చిన్న తేడాయే. కానీ సగటు 100, ప్రమాణ విచలనం 15 ఉండే ప్రజ్ఞాలబ్ధి కొలబద్దపై దాని అర్థం వేరు. పూర్తి పరీక్షలో 85 వచ్చిన వ్యక్తి నిజస్థాయి, 95 శాతం నమ్మకంతో, దానికి అటూ ఇటూ సుమారు 9 అంకెల లోపల ఉంటుంది. సగం పరీక్షలో ఆ పరిధి సుమారు 12న్నరకు పెరుగుతుంది. అంటే 85 అన్న అంకె వెనుక 72 నుంచి 97 వరకు ఏదైనా ఉండవచ్చు. నివేదికలో ఒంటరిగా నిలిచిన 85 ఈ సంగతి చెప్పదు. పరిధిని రాయకుండా అంకెను మాత్రమే రాయడం వృత్తిపరమైన లోపమే.

3. కుదింపులో జారిపోయే అంశాలు:

విశ్వసనీయత తగ్గడం కంటే తీవ్రమైన నష్టం మరొకటి ఉంది. 2008 నాటి వెయిస్-4 నాలుగు సూచికలను ఇస్తుంది: భాషావగాహన, దృశ్య తర్కం, క్రియాశీల స్మృతి, సమాచార సంస్కరణ వేగం. వాసి మొదటి రెండు రంగాలకే పరిమితం. ముసలితనంలోనూ వ్యాధిలోనూ ముందుగా దెబ్బతినేవి తరచుగా మిగిలిన రెండు. కాబట్టి సంక్షిప్త రూపం వృద్ధుని బలమైన పక్కనే కొలిచి, బలహీనమైన పక్కను కొలవకుండా వదిలే ప్రమాదం ఉంది.

అంతకు మించిన విషయం, పూర్తి వెయిస్ కూడా అల్‌జైమర్స్ తొలి లక్షణాన్ని అడగదు. ఒక చిన్న కథ చెప్పి, అరగంట తరువాత మళ్ళీ చెప్పమనే ప్రశ్న ప్రజ్ఞా పరీక్షలో లేదు. స్మృతిని కొలవడానికి వెక్స్‌లర్ 1945లో వేరుగా ఒక పరీక్షను రూపొందించాడు. తొలిదశలో ఉన్న రోగి పదాల అర్థాలు చక్కగా చెప్పి, ఘనాలు ఫరవాలేదనిపించేలా అమర్చి, సగటు ప్రజ్ఞాలబ్ధితో బయటకు వచ్చి, ఏ తలుపు గుండా లోపలికి వచ్చాడో మరచిపోవచ్చు. ప్రజ్ఞాలబ్ధి సగటుగా ఉంది గనుక డిమెన్షియా లేదనడానికి ఇందుకే వీలులేదు.

అయితే సంక్షిప్త ప్రజ్ఞా పరీక్ష ఎందుకు? దానికి ఒక సక్రమమైన ఉపయోగం ఉంది. స్మృతి పరీక్షలో వచ్చిన అంకెను దేనితో పోల్చాలో అది చెబుతుంది. సాధారణ సామర్థ్యం 110 దగ్గర ఉన్న మనిషికి స్మృతి 85 ఉంటే అనుమానించాలి. రెండూ 85 ఉంటే ఆ తేడా లేదు. వెక్స్‌లర్ స్వయంగా ఉపపరీక్షలను వయస్సుతో ‘నిలిచేవి’, ‘నిలవనివి’ అని విడదీసి, రెండింటి మధ్య అంతరాన్ని క్షీణతకు సూచికగా వాడాలని చూశాడు. ఒక్కొక్క రోగి విషయంలో ఆ సూచిక నమ్మదగినదిగా నిలబడలేదు. కానీ దాని వెనుక ఉన్న ఆలోచన, అంటే ఇప్పటికీ చెక్కుచెదరని సామర్థ్యం నుంచి పూర్వస్థాయిని అంచనా కట్టడం, ఈనాటికీ ఈ రంగానికి ఆధారం.

4. పూర్వస్థాయి అంచనా, తెలుగు లిపి:

ఆ అంచనాకు ఆంగ్ల దేశాలలో ప్రసిద్ధమైన సాధనం హేజెల్ నెల్సన్ 1982లో వెలువరించిన నార్ట్. ఇందులో వర్ణక్రమానికీ ఉచ్చారణకూ పొంతన లేని 50 ఆంగ్ల పదాలుంటాయి. వాటిని గట్టిగా చదవాలి. ఒకప్పుడు తెలిసి ఉంటే తప్ప సరిగా పలకడం అసాధ్యం. తెలిసినది డిమెన్షియా తొలిదశలో సులభంగా చెదరదు. అందువల్ల ఎన్ని పదాలు సరిగా పలికితే పూర్వపు ప్రజ్ఞాలబ్ధి అంత ఎక్కువని లెక్క కడతారు.

ఈ ఉపాయాన్ని తెలుగులోకి తెచ్చుకోవడం కుదరదు. తెలుగులో రాసినట్టే దాదాపుగా పలుకుతాము. గుణింతాలు, ఒత్తులు వచ్చినవాడు తన జన్మలో వినని పదాన్నైనా తప్పులేకుండా చదవగలడు. చదవగలగడం వల్ల పదంతో పూర్వపరిచయం ఉందని రుజువు కాదు. లిపి ఎంత శాస్త్రీయంగా ఉందో ఈ పరీక్షకు అంత పనికిరాకుండా పోయింది. ఎం.ఎం.ఎస్.ఇ.లో ఆంగ్ల పదాన్ని వెనుక నుంచి వర్ణక్రమం చెప్పమనే అంశానికి, ఒకే అక్షరంతో మొదలయ్యే పదాలను నిమిషంలో చెప్పమనే అంశానికి కూడా ఇటువంటి చిక్కే ఎదురవుతుంది. ‘క’తో మొదలయ్యే పదాలు చెప్పమంటే ‘కి’, ‘కో’, ‘క్ష’లతో మొదలయ్యేవి లెక్కలోకి వస్తాయా అన్నది పరీక్షకుడు ముందే తేల్చుకోవాలి. బడికి వెళ్ళని వృద్ధురాలికైతే పదం ఫలానా అక్షరంతో మొదలవుతుందన్న భావనే కొత్త.

5. తీరప్రాంతపు తరం:

1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18.33 శాతం, స్త్రీలలో 8.86 శాతం. 1961లో స్త్రీలలో 15.35 శాతానికి పెరిగింది. ఈనాడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వయస్సులో డిమెన్షియా అనుమానంతో వస్తున్నవారు ఆ రెండు జనగణనల మధ్య బడి ఈడుకు వచ్చినవారే. నెల్లూరు జిల్లా మొత్తం అక్షరాస్యత 2011 నాటికి సుమారు 69 శాతానికి చేరినా, ఆ సగటు వారిది కాదు. వేటకు వెళ్ళే కుటుంబాలలోనూ, పులికాట్ పరిసరాల యానాదులలోనూ ఆ తరంలో చదువుకున్నవారు ఇంకా అరుదు.

ఇక్కడ ఒక స్థానిక విశేషాన్ని ప్రస్తావించాలి. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ‘అక్షరదీపం’ పేరుతో నడిచింది. రాత్రి బడిలో సారాపై పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన ఉదంతం, 1992లో రాష్ట్రమంతటా వ్యాపించిన ఉద్యమం, 1993 అక్టోబరులో వచ్చిన సారా నిషేధం చరిత్రకు ఎక్కాయి. దూబగుంట తీరానికి దూరంగా ఉన్న మెట్ట గ్రామమే అయినా, రాత్రి బడులు జిల్లా అంతటా నడిచాయి. ఆనాడు ముప్పై, నలభై ఏళ్ళ వయస్సులో పలక పట్టిన స్త్రీలు ఇప్పుడు అరవై నుంచి ఎనభై ఏళ్ళ మధ్య ఉన్నారు. పరీక్ష కాగితంలో ‘చదివిన సంవత్సరాలు’ అన్న గడిలో వారికి సున్నా పడుతుంది. కొందరు ఈనాటికీ సంతకం పెట్టి బస్సు బోర్డు చదువుతారు. కొందరు మళ్ళీ అక్షరాలు మరచిపోయారు. ఈ ఇద్దరికీ ఒకే సున్నా సరికాదు. బడికి వెళ్ళిన ఏళ్ళ కంటే చదవగలిగే శక్తే స్మృతి పరీక్షల ఫలితాలను మెరుగ్గా వివరిస్తుందని న్యూయార్క్ వృద్ధులపై జెన్నిఫర్ మాన్లీ బృందం చేసిన పరిశోధనలు చూపాయి. నెల్లూరులో ఆ గడి పక్కన ‘రాత్రి బడి’ అని మరొక గడి చేర్చడానికి ఖర్చేమీ లేదు.

చదువు లేకపోవడం ఏయే అంశాలపై ప్రభావం చూపుతుందో ఒక్కొక్కటిగా గమనించాలి. సంక్షిప్త రూపాలలో తరచుగా చోటు దక్కే ఉపపరీక్ష సామ్యాలు. ‘పడవకూ వలకూ పోలిక ఏమిటి’ అని అడిగితే, రెండూ వేట సాధనాలు అన్న సమాధానానికి పూర్తి అంకెలు. ‘పడవ లేనిదే వల ఎక్కడ వేస్తారు’ అని జాలరి బదులిస్తే సున్నా. 1931-32లో ఉజ్బెకిస్తాన్ రైతులతో మాట్లాడిన రష్యన్ మనస్తత్వవేత్త లూరియాకు ఇటువంటి సమాధానాలే వచ్చాయి. రంపం, గొడ్డలి, దుంగలలో వేరైనది ఏదని అడిగితే, దుంగ లేకపోతే రంపంతో పని ఏముందని వారు ఎదురు ప్రశ్నించారు. వస్తువులను జాతులుగా విడదీయడం బడి నేర్పే అలవాటు. పనిని బట్టి జతచేయడం పని నేర్పే అలవాటు. రెండవది బుద్ధిమాంద్యమూ కాదు, క్షీణతా కాదు. అయితే ఒకప్పుడు జాతులుగా చెప్పగలిగిన వ్యక్తి ఇప్పుడు పనిని బట్టి మాత్రమే చెబుతున్నాడంటే అది క్షీణత కావచ్చు. మళ్ళీ పూర్వస్థాయి ప్రశ్నే.

ఘనాల అమరిక, గడియారం బొమ్మ, రెండు పంచభుజుల నకలు వంటివి అశాబ్దికాలు గనుక చదువుతో సంబంధం లేనివని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. పెన్సిలు ఎన్నడూ పట్టని చేతికి గీత గీయడమే పరీక్ష. సమతలంపై గీసిన బొమ్మను ఆకారంగా చదవడం కూడా నేర్చుకున్న విద్యే. చత్వారం, శుక్లాలు, చెవుడు వీటికి తోడవుతాయి. కళ్ళజోడు ఇంట్లో మరచి వచ్చిన వృద్ధునికి చిత్రమాతృకలు చూపించి అంకెలు వేసిన నివేదికకు విలువ లేదు.

స్థలకాలాల ఎరుకను అడిగే ప్రశ్నలు అన్నిటికంటే తేలికగా కనిపిస్తాయి. ‘ఇది ఏ జిల్లా?’ సూళ్ళూరుపేటలో ఎనభై ఏళ్ళ వ్యక్తి ‘నెల్లూరు’ అంటాడు. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. అదే వ్యక్తి మద్రాసు రాష్ట్రంలో పుట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి ఇల్లు కదలకుండానే వచ్చాడు. నెల్లూరు జిల్లా పేరు కూడా 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు పేరుతో మారింది. పాలనాపరమైన మార్పు తెలియకపోవడాన్ని మెదడు జబ్బుగా లెక్కించరాదు. ‘ఈ రోజు తేదీ ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని జాలరి, అమావాస్య వెళ్ళి ఎన్ని రోజులైందో, పోటు ఎప్పుడు వస్తుందో చెప్పగలడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం మొదలైందో లేదో తెలియనివాడు మాత్రం నిజంగా కాలాన్ని కోల్పోయాడని అనుకోవాలి.

వయస్సు నిర్ణయానికీ, దూరస్మృతికీ తీరంలో దొరికే ఆనవాళ్ళు తుఫానులు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫానులు, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఇక్కడి వృద్ధుల జీవితాలను ముక్కలుగా విభజించే గుర్తులు. కావలి తుఫాను నాటికి ఎంతమంది పిల్లలు, ఏ ఇంట్లో ఉన్నారు, ఎవరు పోయారు అని అడిగితే వరుస తప్పుతున్నదో లేదో తెలుస్తుంది. సమాధానాన్ని సరిచూసేందుకు మాత్రం ఇంటివారు పక్కన ఉండాలి.

స్థానికమైన ప్రశ్నలన్నీ మంచివే అనుకోవడం కూడా పొరపాటు. నిమిషంలో ఎన్ని చేపల పేర్లు చెప్పగలవని అడిగితే చేపలమ్మిన స్త్రీ వంజరం, చందువ, మాగ, కానాగంత, నెత్తళ్ళు, సొర, పండుగప్ప అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పవచ్చు. సంతలో కొనే వస్తువుల పేర్లు అడిగినప్పుడు చదువు లేనివారు చదువుకున్నవారికి తీసిపోరని పోర్చుగల్‌లో రీస్ బృందం 2003లో చూపింది. కానీ నలభై ఏళ్ళు నోట నానిన జాబితా వ్యాధి ముదిరే దాకా చెదరకపోవచ్చు. అలాంటి అంశంలో మంచి ఫలితం వస్తే ఊరట చెందడానికి వీలులేదు. చెడు ఫలితం వస్తే మాత్రం దానికి ఎక్కువ బరువు ఇవ్వాలి.

6. ఎదురు దిశలో తప్పు:

ఇంతవరకు చెప్పినవన్నీ ఆరోగ్యవంతునికి జబ్బు అంటగట్టే తప్పులు. కావలిలో గణితం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుని విషయంలో తప్పు ఎదురు దిశలో జరుగుతుంది. ఆయనకు 30కి 28 వస్తాయి. వందలోంచి ఏడేసి తీసివేయడం ఆయనకు ఆట. అయితే మూడు నెలలుగా పెన్షను డబ్బు రెండుసార్లు తీసుకురావడానికి వెళ్ళి తగవు పెట్టుకుంటున్నాడని భార్య చెబుతుంది. చదువు, వృత్తి కట్టిపెట్టిన మానసిక నిల్వ వల్ల ఇటువంటివారు చాలాకాలం అంకెలను నిలబెట్టుకుంటారు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయి. నిరక్షరాస్యులలో సైతం ఈ తేడా కనిపించడం ఆ అధ్యయనంలోని ముఖ్యాంశం. ఇంట తమిళం, బయట తెలుగు మాట్లాడే తడ, సూళ్ళూరుపేట కుటుంబాలకు ఇది వర్తించే సంగతి. వారిని ఏ భాషలో పరీక్షించాలన్నది కూడా వారినే అడిగి నిర్ణయించాలి.

7. తెలుగులో లభ్యమయ్యే సాధనాలు, వాటి పరిమితి:

బడి చదువు లేనివారి కోసం ఎం.ఎం.ఎస్.ఇ.ను మార్చే పని హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మేరీ గంగూలీ బృందం చేసింది. 1995లో వెలువడిన ఆ హిందీ రూపంలో కాగితంపై ఆజ్ఞను చదివి కళ్ళు మూసుకోవడానికి బదులు, పరీక్షకుడు చేసినట్టు చేయాలి; వాక్యం రాయడానికి బదులు చెప్పాలి. తెలుగుకు సంబంధించినంతవరకు, అడెన్‌బ్రూక్స్ పరీక్షకు హైదరాబాదులో అనుసరణ జరిగింది. భారతీయ వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో రూపొందించిన నాడీమానసిక పరీక్షల పేటిక అక్షరాస్యులకూ నిరక్షరాస్యులకూ వేర్వేరుగా ఉపయోగపడేలా తయారైంది. తెలుగు వృద్ధునికి అందుబాటులో ఉన్నవాటిలో ఆధారం ఉన్న మార్గం ఇదే. ఆంగ్ల వాసిని అక్కడికక్కడ నోటితో అనువదించి అడగడం మార్గం కాదు; అనువదించిన మరుక్షణమే దాని ప్రమాణాల పట్టిక చెల్లకుండా పోతుంది.

మంచి సాధనానికి కూడా గణితం ఒక హద్దు పెడుతుంది. 2023లో ప్రచురితమైన లాసి-డాడ్ అధ్యయనం 60 ఏళ్ళు పైబడిన భారతీయులలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. తీరంలో వెయ్యి మంది వృద్ధులను ఒక చిన్న పరీక్షతో పరిశీలించారనుకుందాం. ఆ పరీక్ష జబ్బు ఉన్నవారిలో 85 శాతాన్ని పట్టుకొని, లేనివారిలో 85 శాతాన్ని సరిగా వదిలిపెట్టగలదనుకుందాం. 74 మంది రోగులలో 63 మంది దొరుకుతారు. జబ్బు లేని 926 మందిలో 139 మంది కూడా వారితో పాటు దొరుకుతారు. ‘అనుమానం’ ముద్ర పడిన ప్రతి పదిమందిలో ముగ్గురికే జబ్బు. చదువు ప్రభావం వల్ల సరిగా వదిలే శక్తి 70 శాతానికి పడిపోతే, ఆ నిష్పత్తి ఐదుగురిలో ఒకరి కంటే తగ్గుతుంది. ఊరూరా శిబిరాలు పెట్టి పరీక్షించేవారు ఈ లెక్కను ముందే వేసుకోవాలి.

8. చట్టం ముందు అంకె:

కృష్ణపట్నం ఓడరేవు, రొయ్యల చెరువులు వచ్చాక తీరంలోని నేలకు ధర వచ్చింది. వృద్ధుల వేలిముద్రకూ ధర వచ్చింది. అందువల్ల పరీక్ష ఫలితం ఆసుపత్రి నుంచి నేరుగా రిజిస్ట్రేషను కార్యాలయానికో న్యాయస్థానానికో ప్రయాణించే అవకాశం ఉంది. ఒక కొడుకుకు ‘అమ్మకు మతి లేదు’ అన్న కాగితం కావాలి. మరొక కొడుకుకు ‘బాగానే ఉంది’ అన్న కాగితం కావాలి. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టంలోని 12వ సెక్షను, ఒప్పందం చేసుకునే సమయంలో దానిని అర్థం చేసుకొని, తన ప్రయోజనాలపై దాని ప్రభావాన్ని వివేకంతో అంచనా వేయగలగడాన్నే స్వస్థచిత్తంగా నిర్వచిస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చికిత్స విషయంలో సమాచారాన్ని అర్థం చేసుకోవడం, పర్యవసానాన్ని గ్రహించడం, నిర్ణయాన్ని తెలపడం అనే సామర్థ్యాలను చూడమంటుంది. రెండింటిలోనూ ప్రజ్ఞాలబ్ధి అంకె ప్రసక్తి లేదు. ప్రజ్ఞాలబ్ధి 70 వచ్చిన వృద్ధురాలు తన అరెకరం ఎవరికి ఇస్తోందో, ఎందుకిస్తోందో స్పష్టంగా చెప్పగలదు. 100 వచ్చిన వ్యక్తి నిన్న సంతకం పెట్టిన కాగితాన్నే మరచిపోయి ఉండవచ్చు. సంక్షిప్త పరీక్ష నివేదికలో ‘ఇది ఆస్తి వ్యవహారాల సామర్థ్యంపై అభిప్రాయం కాదు’ అన్న వాక్యం ఉండడం అవసరం.

9. రెండవ కొలత:

మునుపటి కొలత కాగితంపై లేనప్పుడు దానిని రెండు చోట్ల వెతకవచ్చు. మొదటిది భవిష్యత్తు. ఈనాటి ఫలితాన్నే మొదటి కొలతగా భావించి ఆరు నెలలకో ఏడాదికో అదే పరీక్షను మళ్ళీ నిర్వహిస్తే, అభ్యాసం వల్ల కొంత పెరగవలసిన అంకె పెరగకపోయినా, తగ్గినా అర్థం తెలుస్తుంది. 30కి 17 వచ్చిన వృద్ధురాలికి ఏడాది తరువాత కూడా 17 వస్తే, మొదటి రోజు చేయలేని నిర్ణయం అప్పుడు చేయవచ్చు. మొదటి సందర్శనలోనే రక్తపరీక్షలు, వినికిడి, చూపు, కుంగుబాటు పరిశీలన జరిగి ఉంటే ఈ నిరీక్షణ వల్ల పెద్దగా నష్టం ఉండదు.

రెండవది ఆమెను ఎరిగినవారి జ్ఞాపకం. జోర్మ్, జాకోంబ్ 1989లో రూపొందించిన ఐక్యుకోడ్ ప్రశ్నావళి రోగిని అడగదు. పదేళ్ళ కిందటితో పోలిస్తే ఇప్పుడు ఎలా ఉన్నారని దగ్గరివారిని అడుగుతుంది. 1994లో వచ్చిన దాని సంక్షిప్త రూపంలో 16 ప్రశ్నలే ఉన్నాయి. రోగి పరీక్షను, సన్నిహితుల సాక్ష్యాన్ని కలిపి చూసే పద్ధతిని నైజీరియాలోని ఇబాడాన్‌లో, కెనడాలోని క్రీ తెగలో పనిచేసిన సి.ఎస్.ఐ.-డి. ప్రవేశపెట్టింది. మన పక్కనే చెన్నై, వేలూరు కేంద్రాలుగా 10/66 బృందం దానిని ఉపయోగించింది. సన్నిహితుల సాక్ష్యం బడి చదువుపై అంతగా ఆధారపడదు. దాని బలహీనత వేరే చోట ఉంది: చెప్పేవారి అలసట, కోపం, ఆస్తిపై ఆశ అందులో కలుస్తాయి.

కాబట్టి ఎవరిని అడగాలన్నది, ఏ పరీక్ష పెట్టాలన్నంత ముఖ్యమైన నిర్ణయం. చెన్నైలో పనిచేస్తూ పండుగకు వచ్చి వెళ్ళే కొడుకు చెప్పగలిగింది తక్కువ. కోడలికి వంటింటి సంగతులు తెలుస్తాయి: పులుసులో ఉప్పు రెండుసార్లు పడడం, పొయ్యి ఆర్పకుండా వదిలేయడం. మైపాడు వృద్ధురాలి విషయంలో అన్నిటికంటే విలువైన సాక్షి బహుశా ఇంట్లో ఉండదు. రేవులో వేలం పాటలో ఆమె పక్కన కూర్చొని పాతికేళ్ళుగా చేపలు కొన్న మరొక స్త్రీ ఉంటుంది. వంద చేపల గంపను ఎంతకు పాడాలో, ఎవరి బాకీ ఎంత ఉందో, అమ్మగా మిగిలిన దాన్ని ఎండబెట్టాలా తక్కువకు ఇచ్చేయాలా అన్నది ఆమె కళ్ళముందే జరిగిన లెక్క. ఈ ఏడాది వేట మళ్ళీ మొదలైనప్పటి నుంచి ఈ మనిషి ఎక్కడ తడబడుతోందో, పోయిన ఏడాది తడబడిందో లేదో ఆమె చెప్పగలదు. ఆమెతో పది నిమిషాలు ఫోనులో మాట్లాడి, ఆ మాటలను 30కి 17 పక్కన రాసి ఉంచవచ్చు.